మునుపెన్నడూ ఆపరేషన్ జరగని కడుపులో పేగు అడ్డంకి: నాకు ఎదురైనది, నేను తెలుసుకున్నది

మీ నాన్నగారికి 54 ఏళ్లని, ఇంతకుముందు కడుపుకు ఏ ఆపరేషనూ జరగలేదని, గజ్జల్లో హెర్నియా కూడా లేదని, అయినా ఏడాదిలో మూడుసార్లు కడుపు ఉబ్బి పచ్చని వాంతులై, రెండు రోజులు సెలైన్ ఎక్కించాక దానంతట అదే తగ్గిపోయిందని, ఆదోనిలో చూసిన వైద్యుడు పేగు అడ్డంకిలా ఉంది గానీ కారణం అంతుపట్టడం లేదన్నారని రాశారు. నొప్పి తగ్గిన పది రోజులకు తీసిన సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నారు కాబట్టి ఇక దిగులు అక్కర్లేదా అని అడిగారు. ఆ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను: నొప్పి లేని రోజున తీసిన స్కాన్ బాగుండడం వల్ల ఏ అనుమానమూ తీరదు. పేగు లోపల ఎక్కడో ఇరుక్కుని మళ్లీ జారి బయటపడుతున్నట్లయితే, జారిపోయాక తీసిన బొమ్మలో దాని జాడ ఉండకపోవచ్చు. నా విషయంలో మూడేళ్లు ఇలాగే గడిచాయి.

నేను వైద్యుణ్ణి కాను. గుంతకల్లులో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. కప్ప పేగుల గురించి ఏళ్ల తరబడి నల్లబల్ల మీద బొమ్మలు గీసిన నాకు, నా పేగులు పుట్టుకతోనే దారితప్పి కూర్చున్నాయన్న సంగతి 46వ ఏట గానీ తెలియలేదు. భోజనం కాస్త ఎక్కువైన రోజున బొడ్డుకు పైన, ఎడమ పక్కన నొప్పి అలలు అలలుగా వచ్చేది. రెండు మూడు నిమిషాలు మెలిపెట్టి వదిలేది, మళ్లీ పట్టేది. మోకాళ్లు ముడుచుకుని ఒక పక్కకు తిరిగి పడుకుంటే గంటా రెండు గంటల్లో సర్దుకునేది. ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో కొంచెం వాపు ఉందన్నారు. అల్ట్రాసౌండ్ చేస్తే పేగుల్లోని గాలి వల్ల లోపల సరిగా కనిపించలేదన్నారు. చివరికి అందరూ కలిసి దానికి 'గ్యాస్' అని పేరు పెట్టారు. మా అత్తగారు బొడ్డు జరిగిందని నమ్మి, రుద్దే మనిషిని రెండుసార్లు ఇంటికే పిలిపించారు. ఆమె మీద నాకు కోపం లేదు, చదువుకున్న మేమూ అంతకంటే మెరుగైనదేమీ చేయలేదు.

ఒక ఉగాది రాత్రి నొప్పి మొదలై, తగ్గవలసిన వేళకు తగ్గలేదు. మొదట తిన్న ఓళిగలు వాంతి అయ్యాయి, తర్వాత పసుపు నీళ్లు, తెల్లవారేసరికి ఆకుపచ్చని పసరు. మర్నాడు ఉదయం ఒకసారి విరేచనం అయింది. దగ్గరలోని ఒక ఆసుపత్రిలో ఈ మాట చెప్పగానే, విరేచనం అయింది కదా, అడ్డంకి ఏమీ ఉండదని చెప్పి, నొప్పికి సూది వేసి ఇంటికి పంపించారు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చెబుతాను. అడ్డంకి చిన్నపేగు పైభాగంలో ఉన్నప్పుడు, దానికి దిగువనున్న పది పన్నెండు అడుగుల పేగులో అప్పటికే ఉన్నది బయటికి పోవడానికి ఏ ఆటంకమూ ఉండదు. అందుచేత మొదటి రోజు ఒకటి రెండుసార్లు విరేచనమైనా అడ్డంకి లేదని చెప్పలేము. అడగవలసింది, గాలి పోతూ ఉందా, నిన్నటి నుంచి పూర్తిగా ఆగిపోయిందా అని. అడ్డంకి పైన ఉంటే వాంతులు ముందుగా, ఎక్కువగా వస్తాయి, కడుపు పెద్దగా ఉబ్బదు. కింద ఉంటే కడుపు కుండలా ఉబ్బుతుంది, వాంతులు ఆలస్యంగా వచ్చి, చివరికి మలం వాసన వేస్తాయి.

సాయంత్రానికి నొప్పి తీరు మారింది. అలలుగా వస్తున్నది విడవకుండా ఒకే పోటుగా నిలిచిపోయింది, నాడి వేగం పెరిగింది, పొట్ట మీద చెయ్యి వేస్తే ఓర్చుకోలేకపోయాను. ఈ మార్పు కనిపించాక తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదని, పేగుకు రక్తప్రసరణ ఆగిపోతున్నదనడానికి ఇదే గుర్తని తర్వాత సర్జన్ చెప్పారు. మా తమ్ముడు ఆ రాత్రే కారులో కర్నూలుకు తీసుకెళ్లాడు. అక్కడ నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో, పేగుల్లో గాలి పైనా నీరు కిందా మెట్లు మెట్లుగా కనిపించాయి. రక్తనాళం ద్వారా మందు ఎక్కించి తీసిన సీటీలో, జీర్ణాశయానికీ క్లోమానికీ మధ్య చిన్నపేగు చుట్లన్నీ మూటగట్టినట్టు ఒకేచోట చేరి ఉన్నాయి. ఎడమవైపు పారాడియోడినల్ హెర్నియా అన్నారు.

బయటికి ఏ ఉబ్బూ కనిపించని హెర్నియా ఇది. తల్లి గర్భంలో ఆరో వారం ప్రాంతంలో పేగు బొడ్డుతాడులోకి వెళ్లి, పదో వారానికి 270 డిగ్రీలు తిరుగుతూ మళ్లీ పొట్టలోకి చేరుకుంటుంది. ఆ రాకలో చిన్నపేగు కొంత దారితప్పి, పెద్దపేగును పట్టి ఉంచే పొర వెనకకు దూరి, అక్కడొక సంచీ ఏర్పడుతుంది. ఎడమవైపు ఏర్పడేవి కుడివైపు వాటికి దాదాపు మూడింతలు. దీనితో పుట్టిన మనిషి ఏ బాధా లేకుండా బతకవచ్చు, లేదా నాలాగా నడివయసులో ఒక పండుగ రాత్రి ఇరుక్కోవచ్చు. ఆపరేషన్‌లో సర్జన్‌కు చిక్కు ఎక్కడంటే, సంచీ మూతి అంచునే ఒక ముఖ్యమైన సిర, దాని పక్కన పెద్దపేగుకు వెళ్లే ధమని ఉంటాయి. పేగు సులభంగా రావడం లేదని మూతిని ఇష్టం వచ్చినట్టు కోసి వెడల్పు చేయడానికి వీల్లేదు. నా పేగు బయటికి తీసేసరికి అడుగున్నర మేర నల్లగా కమిలిపోయి ఉందట. వేడి సెలైన్‌లో తడిపిన గుడ్డలు కప్పి ఆగి చూస్తే రంగు తిరిగి వచ్చి, పేగు కదిలిందట; అందుకని ఏమీ కోసి తీయలేదు. మూతిని కుట్లతో మూసేశారు. మూడో రోజున గాలి పోయినప్పుడు వార్డులోని నర్సమ్మ నాకంటే ఎక్కువ సంతోషించింది.

ఇక మీ నాన్నగారి విషయం. ఆపరేషన్ జరిగిన కడుపులో పేగులు అతుక్కోవడం వల్ల, హెర్నియా ఉన్నవాళ్లకు అందులో ఇరుక్కోవడం వల్ల అడ్డంకి వస్తుంది. పెద్దపేగులో ఐతే గడ్డలు, మెలికలు. ఇవేవీ లేనప్పుడు వెతకవలసిన అరుదైన కారణాలలో నాకొచ్చినది ఒకటి. పుట్టుకతో మిగిలిపోయిన మెకెల్ డైవర్టిక్యులం అనే చిన్న తిత్తి, దాని నుంచి బొడ్డుకు సాగిన తాడులాంటి పోగు చుట్టూ పేగు మెలిక పడటం మరొకటి. ఈ తిత్తి నూటికి ఇద్దరిలో ఉంటుంది, బాధపెట్టేది మాత్రం కొద్దిమందినే. పేగులో పేగు దూరుకుపోవడం చిన్నపిల్లల్లో తరచుగా చూస్తాం, అక్కడ గాలితోనో నీటితోనో వెనక్కి నెట్టి చాలావరకు సరిచేస్తారు. పెద్దవాళ్లలో అలా జరిగితే, పేగును లోపలికి లాక్కుపోయే ఒక గడ్డ సాధారణంగా ఉంటుంది కాబట్టి ఎక్కువమందికి ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసి పరీక్షకు పంపుతారు.

క్షయను నేను అరుదైన జాబితాలో పెట్టను, మన దేశంలో అది అరుదు కాదు. కానీ దగ్గు లేకపోతే క్షయ లేదనుకుని వదిలేస్తుంటారు. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట అది పేగును ఇరుకు చేస్తుంది. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, తిన్నాక పొట్టలో గుడగుడలు ఉంటే కొలొనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా పంపే పరీక్ష) చేసి ముక్క తీసి చూడమని అడగండి. క్షయ అని తేలితే కనీసం ఆరు నెలల మందులతో చాలామందికి ఆపరేషన్ తప్పుతుంది. పేగులన్నీ ఒక దళసరి పొరలో గూడు కట్టినట్టు చుట్టుకుపోయే జబ్బు ఒకటుంది, పట్టుపురుగు గూడును బట్టి దానికి కకూన్ అని పేరు. దాని వెనక కూడా కొన్నిసార్లు క్షయే ఉంటుంది.

మీ ఇంట్లో ముసలివాళ్లు ఉంటారు కాబట్టి ఇంకో రెండు చెబుతాను. పిత్తాశయంలో రాళ్లున్న వృద్ధులలో, రెండున్నర సెంటీమీటర్లకు మించిన పెద్ద రాయి పేగు గోడను తొలుచుకుని లోపలికి దిగి, చిన్నపేగు చివర అరుదుగా ఇరుక్కుంటుంది. పిత్తనాళాల్లో గాలి, ఉబ్బిన పేగు, ఉండకూడని చోట రాయి, ఈ మూడూ కలిసి కనబడటాన్ని 1941లో రిగ్లర్ అనే వైద్యుడు వివరించాడు. ఇప్పుడైతే సీటీలో మూడూ ఒక్కసారే దొరుకుతాయి. బాగా చిక్కిపోయిన ముసలమ్మలకు తొడ లోపలివైపు మోకాలి దాకా లాగే నొప్పి, దానితో పాటు వాంతులు ఉంటే, కటి ఎముక రంధ్రంలో దాగిన హెర్నియా కావచ్చు. కీళ్లనొప్పి అనుకుని తైలం రాసుకుంటూ కాలం గడుపుతారు. పళ్లు లేనివాళ్లు, షుగర్ వల్ల జీర్ణాశయం మందగించినవాళ్లు పీచుపదార్థం నమలకుండా మింగితే అది ఉండకట్టి అడ్డుపడటం కూడా ఉంది.

ఇంట్లో చేయకూడనిది ఒక్కటి గట్టిగా చెబుతాను. పచ్చని వాంతులు, గాలి పోకపోవడం ఉన్నప్పుడు ఆముదం గానీ విరేచనాల మందు గానీ వేయకండి, మూసుకున్న పేగును వెనక నుంచి తోసినట్టవుతుంది. పొట్ట రుద్దించవద్దు, నోటితో ఏమీ ఇవ్వవద్దు. ఆసుపత్రిలో మొదట చేసేది ముక్కు ద్వారా రైల్స్ ట్యూబ్ వేసి జీర్ణాశయాన్ని ఖాళీ చేయడం, వాంతుల్లో పోయిన నీటినీ ఉప్పునూ పొటాషియంనూ సెలైన్‌తో నింపడం, మూత్రం ఎంత వస్తున్నదో గంట గంటకూ కొలవడం. ట్యూబ్ వేయించుకోవడానికి మా తరం చాలా మారాం చేస్తుంది, నేనూ చేశాను. కానీ అది పడిన పావుగంటకే కడుపు తేలికైంది. పేగుకు రక్తం అందుతున్నంతవరకు, అతుకుల వల్ల వచ్చిన అడ్డంకిని రెండు మూడు రోజులు కనిపెట్టి చూస్తారు, చాలావరకు అది విడిపోతుంది. అతుకులకు ఆస్కారమే లేని కడుపులో ఆ ఎదురుచూపుకు అంత బలం లేదు, కారణాన్ని త్వరగా వెతకాలి. నొప్పి విడవకుండా నిలిచినా, జ్వరం వచ్చినా, నాడి వేగం తగ్గకపోయినా ఇక ఆగడం ఉండదు.

మీ నాన్నగారికి నాలుగోసారి నొప్పి వస్తే, తగ్గేదాకా ఇంట్లో ఉంచకుండా, నొప్పి ఉన్నప్పుడే రాత్రింబవళ్లు సీటీ తీసి సర్జన్ చూసే చోటికి తీసుకువెళ్లండి. అది ఎక్కడ ఉందో ఈ వారంలోనే తెలుసుకుని పెట్టుకోండి. వాంతులతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు స్కాన్ మందు మూత్రపిండాలకు బరువవుతుంది కాబట్టి వాటి పనితీరు తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్ష చూస్తారు, ఆ ఆలస్యానికి విసుగుపడకండి. పాత స్కాన్ ఫిల్ములే కాకుండా సీడీ కూడా అడిగి దగ్గర పెట్టుకోండి. ఫిల్ములో ఉండేది కొన్ని బొమ్మలే, సీడీలో మొత్తం ఉంటుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, వాంతి ఏ రంగు, చివరిసారి గాలి ఎప్పుడు పోయింది అని ఒక కాగితం మీద గంటలతో సహా రాయండి. ఇక నాలుగోసారి దాకా ఆగకుండా, లాపరోస్కోపీతో ఒకసారి లోపల చూడటం మంచిదా అని ఇప్పుడే ఒక సర్జన్‌ను అడగండి. మూడుసార్లు పచ్చని వాంతులతో ఆసుపత్రిలో చేరి, స్కాన్‌లో ఏమీ దొరకని మనిషి విషయంలో ఆ మాట అడగడం అతి జాగ్రత్త కాదు. కెమెరా పెట్టి చూసినప్పుడు సంచీయో పోగో కనబడితే, చాలాసార్లు అదే మత్తులో దాన్ని సరిచేయగలరు.