బిడ్డను తూచాక తల్లిని కూడా అడగండి

ఇక్కడ ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. బాలింతల మానసిక ఆరోగ్యం మీద పనిచేయాలని ఉంది. ఏ కోర్సు చేయాలి? మన ఊళ్ళల్లో ఆ పనికి ఉద్యోగాలు ఉంటాయా?"

కోర్సు సంగతి ముందు చెప్పేస్తానమ్మా. మీ సిలబస్‌లో సైకియాట్రిక్ నర్సింగ్ ఎలాగూ ఉంది, ఎమ్మెస్సీలో అదే సబ్జెక్టు తీసుకోవచ్చు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో నర్సు పోస్టు ఉంటుంది. కాన్పుల వైపు మనసుంటే 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. ఇవన్నీ మంచివే. కానీ నాకు ఈ పని ఏ కోర్సులోనూ పట్టుబడలేదు. 2013లో, గోదావరి లంకల్లో, ఒక పెంకుటింట్లో పట్టుబడింది.

అప్పటికి లేబర్ రూములో ఎనిమిదేళ్ళు చేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాను. ఆ రోజు మా ఏఎన్ఎం సెలవు పెడితే ఆశా కార్యకర్తతో నేను వెళ్ళాను. కాన్పయిన 14వ రోజు విజిట్. రెండో కాన్పు, మళ్ళీ ఆడపిల్ల. ఆశా సంచిలోంచి స్ప్రింగు త్రాసు తీసి, బిడ్డను గుడ్డలో వేసి పైకెత్తింది. మూడు కేజీల వంద గ్రాములు. బొడ్డు ఊడి ఆరిపోయింది, ఒళ్ళు వెచ్చగా ఉంది, పాలు తాగుతోంది. అన్నీ రాసేసుకున్నాం. లేవబోతూ మంచం పక్కన కంచం చూశాను.

వెల్లుల్లి కారం, నెయ్యి వేసి కలిపిన పథ్యం అన్నం. వాళ్ళమ్మ నాలుగు ముద్దలు చేసి కంచం అంచున వరసగా పెట్టింది. నాలుగూ అలాగే ఉన్నాయి. పైన ఎండి పగుళ్ళిచ్చాయి. టైము పన్నెండున్నర.

"నిద్ర పడుతోందా అమ్మా?" అన్నాను. తలకి గుడ్డ, చెవుల్లో దూది, ఆ పిల్ల నా వైపు చూడకుండానే, "పాప పడుకుంటే పడుకుంటున్నానండి" అంది.

"పడుకోవడం కాదమ్మా, నిద్ర పడుతోందా?"

ఈలోపు వాళ్ళమ్మ అందుకుంది. "నిద్రకేం లోటు సిస్టరమ్మా, పొద్దస్తమానం మంచం మీదే కదా!" పాపం ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి అలాగే కనిపిస్తోంది. "పిన్నిగారూ, కాసిని వేణ్ణీళ్ళు పెట్టుకురండి" అని ఆవిడని వంటింట్లోకి పంపాను. వేణ్ణీళ్ళతో నాకు పనేమీ లేదు. ఆశా బిడ్డనెత్తుకుని వసారాలోకి వెళ్ళింది. నేను రిజిస్టరు మూసి, మంచం మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

చాలాసేపటికి అంది: "మా అమ్మకి చెప్పండి సిస్టరమ్మా, నన్ను నూతి దగ్గరికి పంపొద్దని."

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయినా అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని. తలూపింది. ఊపి, కాన్పయ్యాక మొదటిసారట, భోరుమని ఏడ్చింది. వాళ్ళమ్మ పరుగెత్తుకొచ్చి "బాలింత ఏడవకూడదే, కళ్ళు పోతాయే" అని నోరు మూయబోయింది. "ఏడవనివ్వండి పిన్నిగారూ" అన్నాను. ఇప్పటికీ నాతో పనిచేసే పిల్లలు అడుగుతారు, అలా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టు కాదా సిస్టర్ అని. కాదు. అడిగితే ఆలోచన పుట్టదు. అప్పటికే ఉన్నది బయటికొస్తుంది, అంతే.

సాయంత్రానికి వాళ్ళ నాన్న నూతి మీద తాటి పలకలు వేయించాడు. రాత్రి వాళ్ళమ్మ పక్కనే పడుకుంది. మర్నాడు ఆటోలో జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మానసిక విభాగం బోర్డు చూడగానే వాళ్ళ నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్తారికి తెలిస్తే కాపురం ఉండదని భయం. "రక్తం తక్కువైందని చెబుదాం" అని నేనే సర్దిచెప్పాను. ఆ అబద్ధం ఇప్పుడైతే ఆడను. అబద్ధం ఆడినకొద్దీ అది సిగ్గుపడాల్సిన జబ్బని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. పాలిస్తూ వాడుకోదగిన మందే డాక్టరుగారు రాశారు. ఆరో వారం బిడ్డ టీకాకి వచ్చినప్పుడు ఆ తల్లి సూది చూసి "కాస్త మెల్లిగా గుచ్చండి సిస్టరమ్మా, అసలే బక్కపిల్ల" అని నన్ను కసిరింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మందు మాత్రం ఆ తర్వాత కూడా చాలా నెలలు వాడింది. మధ్యలో మానేయకుండా చూడటానికే నాలుగుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను.

నా బాధేమిటంటే, ఆ రోజు నేను కంచం చూడకపోయి ఉంటే మా ఫారం ప్రకారం ఆ ఇంట్లో అంతా క్షేమమే. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా ఆరుసార్లు ఇంటికి వెళ్ళాలి: 3, 7, 14, 21, 28, 42 రోజులకి. ఎంత మంచి ఏర్పాటు! అందులో తల్లి గురించి కూడా ప్రశ్నలున్నాయి. జ్వరం ఉందా, పొంతన లేకుండా మాట్లాడుతోందా, ఫిట్స్ వస్తున్నాయా. మరి అసలు మాట్లాడని తల్లి సంగతి? గట్టిగా అరిచేదాన్ని ఊరంతా చూస్తుంది, గాలి సోకిందని తాయెత్తయినా కడతారు. నోరు మెదపని పిల్లని మాత్రం "ఎంత అణకువో" అని మెచ్చుకుంటారు. ఆరు విజిట్లూ పూర్తిచేస్తే ఆశాకి అప్పట్లో ఇచ్చింది 250 రూపాయలు. అందులోనే తల్లి మనసు కూడా చూడమనడానికి నాకే నోరు రాలేదు. అయినా చూస్తున్నారు, మా పిల్లలు బంగారాలు.

ఇంకోటి కూడా చెప్పాలి. లేబర్ రూములో మనం అరిచే అరుపులు. "అప్పుడు లేని నొప్పి ఇప్పుడెందుకొచ్చింది" లాంటి మాటలు నేను విన్నాను, నేనూ అన్నాను. నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉండేవాళ్ళం నిజమే, అయినా అది సమాధానం కాదు. ఏళ్ళు గడిచాక కలిసిన తల్లులు కుట్లు ఎన్ని పడ్డాయో మర్చిపోయారు. ఆ మాట అన్న సిస్టర్ ముఖం మర్చిపోలేదు. బాలింత దిగులుకి కారణాలు హార్మోన్లూ పేదరికమూ అంటారు. ఆడపిల్ల పుట్టిందని ముఖాలు ముడుచుకునే చుట్టాలూ, లేబర్ రూములో మన నోళ్ళూ వాటికంటే తక్కువ కారణాలని ఎవరు చెప్పినా నేను నమ్మను.

తర్వాత ట్రైనింగులో, బాలింత దిగులుని కనిపెట్టే ఎడిన్‌బరో స్కేలు తెలిసింది. స్కాట్లండ్‌లో 1987లో తయారుచేశారు, పదే పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. 13 గానీ పైన గానీ వస్తే డాక్టరుకి చూపించాలి. పదో ప్రశ్న తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. దానికి "అసలు లేదు" తప్ప ఏ జవాబు వచ్చినా మిగతా మార్కులు కూడక్కర్లేదు, ఆ పూటే కదలాలి. ఆ స్కేలు చేసినవాళ్ళే 1989లో ఇంకో పరీక్ష చేశారు. మనలాంటి నర్సులే, వాళ్ళని అక్కడ హెల్త్ విజిటర్లంటారు, వారానికోసారి ఇంటికెళ్ళి అరగంటకి తగ్గకుండా తల్లి చెప్పేది విన్నారు. ఎనిమిది వారాలు. అలా విన్న 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలుగా వదిలేసిన 24 మందిలో 9 మందే. అది చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఆ లంక ఇంట్లో నేను చేసినదానికి ఒక పేరుంది, లెక్కుంది అని.

అందరికీ వినడం ఒక్కటే సరిపోదు. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఉన్నట్టుండి నిద్ర పూర్తిగా పోయి, లేనివి కనిపిస్తున్నాయంటే అది ఎమర్జెన్సీ, ఆసుపత్రే దారి. అక్కడ బిడ్డను లాక్కుంటారని ఇంట్లోవాళ్ళు భయపడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది, చేరిన తల్లి దగ్గర్నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదని. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల వార్డు 2009 నుంచీ ఉంది. మన జిల్లాకొకటి ఎందుకు రాదో ప్రతి మీటింగులోనూ అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

ఉద్యోగాలు ఉంటాయా అని అడిగావు కదా తల్లీ. ఆ పేరుతో పోస్టు దొరక్కపోవచ్చు. స్టాఫ్ నర్సుగా వేసినా, ఊరి హెల్త్ క్లినిక్ చూసుకునే ఎంఎల్‌హెచ్‌పీగా వేసినా బాలింతలు నీ దగ్గరికే వస్తారు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ళు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. దాన్ని టీకా కార్డు అట్ట మీద నీ చేత్తో రాసివ్వు. తూకం రాసుకున్నాక పెన్ను మూతపెట్టి, రిజిస్టరు పక్కన పెట్టి, అప్పుడు అడుగు. వాళ్ళమ్మగారు జవాబు చెప్పబోతే వేణ్ణీళ్ళు పెట్టమను.