చూసింది ఏళ్ల తరబడి ఎలా గుర్తుంటుంది?

చిన్నప్పుడు హన్మకొండలో చూసిన వేయిస్తంభాల గుడి ఇప్పటికీ గుర్తుండగా, నిన్న విన్న ఫోన్ నంబరు ఎందుకు నిలవదని అడిగారు. తేడా నాడీకణాల మధ్య ఉండే సంధుల్లో, అంటే సినాప్సుల్లో ఉంది. ఒక కణం గ్లూటమేట్ అనే సంకేత రసాయనాన్ని విడుదల చేసే సమయానికే అవతలి కణం కూడా బలంగా ఉత్తేజితమై ఉంటే, ఆ రసాయనాన్ని అందుకునే ద్వారాల్లో ఒకటైన ఎన్ఎండీఏ గ్రాహకానికి అడ్డుగా ఉన్న మెగ్నీషియం అయాన్ తొలగిపోయి, కాల్షియం లోపలికి ప్రవేశిస్తుంది. దాంతో గ్లూటమేట్‌నే అందుకునే మరో రకం, ఏఎంపీఏ గ్రాహకాలు పెరిగి ఆ సంధి బలపడుతుంది. అయితే ఈ మార్పు కొన్ని గంటలే ఉంటుంది. అంతకు మించి నిలవాలంటే సంకేతం కణకేంద్రకం దాకా చేరి, క్రెబ్ అనే ప్రోటీన్ ద్వారా జన్యువులను క్రియాశీలం చేసి, కొత్త ప్రోటీన్లను తయారు చేయించాలి. నా దృష్టిలో అసలు విశేషం ఆ తర్వాతిదే: కణం ఆకృతే మారుతుంది. 2000లో నోబెల్ పంచుకున్న నాడీశాస్త్రవేత్త ఎరిక్ కాండెల్ బృందం పరిశీలించిన సముద్రపు నత్త అప్లీసియాలో, దీర్ఘకాలిక శిక్షణ తర్వాత ఇంద్రియ నాడీకణాల సినాప్సులు దాదాపు రెట్టింపయ్యాయి.