తల మీద తడితే గొంతులోది దిగదు

ప్రశ్న: మా మనవడికి ఏడాదిన్నర. మొన్న మరమరాల్లోని వేరుశనగ గుళ్లు తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడు, దగ్గి సర్దుకున్నాడు. మా ఆయనకు 78 ఏళ్లు, పక్షవాతం వచ్చాక నీళ్లు తాగినా పొలమారుతోంది. ఇలా తరచూ జరుగుతుందా? ఎవరికి ప్రమాదం?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: మీరు రాసిన ఆ ఇద్దరికేనమ్మా ఎక్కువ ప్రమాదం. పొలమారడం అందరికీ మామూలే. గాలిగొట్టం పూర్తిగా మూసుకుపోవడం అరుదు, కానీ మూసుకుపోతే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. అమెరికాలో 2015లో ఇలా సుమారు 5,000 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా 74 ఏళ్లు దాటినవాళ్లే.

ముందు బాబు సంగతి. దగ్గు ఆగిందంటే గింజ బయటికొచ్చినట్టు కాదు. ఊపిరితిత్తి గొట్టంలోకి దిగినా దగ్గు తగ్గుతుంది. కొన్నాళ్ల తర్వాత పిల్లికూతలు, ఒక పక్కనే నిమ్ము మొదలవ్వొచ్చు. వేరుశనగ గుండు ఎక్స్‌రేలో కనబడదు, అందుకే చాలాసార్లు ఆస్తమా అనుకుని మందులు వాడతారు. పిల్లల డాక్టరుకు చూపించి, గుళ్లు తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడని ముందే చెప్పండి. అనుమానముంటే బరంపురమో విశాఖో వెళ్లి బ్రాంకోస్కోపీ (సన్నటి గొట్టంతో ఊపిరి గొట్టాల లోపల చూసే పరీక్ష) చేయించాలి. నాలుగేళ్లు నిండేదాకా గుళ్లు, శనగలు, కోయని ద్రాక్ష పెట్టకండి. వేరుశనగ పొడి చేసి అన్నంలో కలపొచ్చు.

మీ వారికి పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం) పెడుతుంటే మానేయండి. నీళ్లు, మెతుకులు కలిసి ఉన్నది మింగడమే వీళ్లకు అన్నిటికన్నా కష్టం. మెత్తగా మెదిపిన చిక్కటి అన్నం నయం. నిటారుగా కూర్చోబెట్టి చెంచా చెంచాగా పెట్టండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి. మింగుడు పరీక్ష కూడా చేయించండి.

గొంతుకు అడ్డం పడినప్పుడు దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి. మాట రాక, దగ్గు చప్పుడూ లేక గొంతు పట్టుకుంటే అదే అసలు ప్రమాదం. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్క ఎముకల మధ్య అరచేతి కింది భాగంతో గట్టిగా 5 సార్లు చరచండి. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి 5 సార్లు నొక్కండి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. గర్భిణులకు ఛాతీ మీద నొక్కాలి. ఏడాది లోపు పసివాళ్లకు పొట్ట అసలు నొక్కకూడదు. ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని వీపు మీద 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద 5 నొక్కులు. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి.

నీళ్లు తాగించడం, కనబడనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం వద్దు, ఇంకా లోపలికి పోతుంది. పొట్ట నొక్కాల్సి వస్తే, తర్వాత బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపల గాయం అయి ఉండొచ్చు.