బోటు ట్రెయిలరుతో దూర ప్రయాణం: వెంట ఏ స్పేర్లు, ఏ పనిముట్లు ఉండాలి?

మీ ప్రశ్నలో చెప్పిన వివరాలు ఇవి: పాతది కొన్న 18 అడుగుల బాస్ బోటు (చేపలు పట్టే బోటు), ఒకే ఇరుసున్న ట్రెయిలరు. ఇన్నాళ్ళూ ఊళ్ళోని లేక్ లూయిస్‌విల్‌కే తిప్పారు, ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి సముద్రతీరంలోని పోర్ట్ అరాన్సస్‌కి వెళ్తున్నారు. అంటే ఒకవైపే నాలుగు వందల మైళ్ళ పైచిలుకు. ఇంత దూరంలో దారి మధ్య మొరాయించేది ఎక్కువగా ట్రెయిలరే. అందులోనూ మూడే మూడు: టైరు, బేరింగు, లైట్లు. వీటికి కావలసినవన్నీ సర్దుకున్నాకే మిగతావాటికి చోటు చూడండి.

ముందు స్టెప్నీ. పాత ట్రెయిలర్లకి చాలాసార్లు అది ఉండనే ఉండదు. ఉన్నా సైజు ఒక్కటే చూస్తే చాలదు, చక్రానికి ఎన్ని బోల్టులు, వాటి మధ్య దూరం ఎంత అన్నదీ కలవాలి. ఈ సైజు బోట్లకి సాధారణంగా 5 బోల్టులు, అవి ఉండే వృత్తం వ్యాసం నాలుగున్నర అంగుళాలు ఉంటాయి. టైరు మీద సైజుకి ముందు 'ఎస్‌టీ' (స్పెషల్ ట్రెయిలర్) అని ఉండాలి, కారు టైరు వేయొద్దు. పక్క గోడ మీద 'డీఓటీ' వరుసలో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెయిలర్ టైరు అరిగిపోయి పోవడం అరుదు, ఎండకి మగ్గి ట్రెడ్ (రోడ్డుకి తగిలే గీతల పొర) ఊడిపోతుంది. ఆరేళ్ళు దాటితే గీతలు కొత్తవాటిలా కనిపించినా మార్చేయండి. గాలి కూడా పక్క గోడ మీద రాసినంత నిండుగా, టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టాలి. లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే తరగతి) సీ అయితే అది 50 పీఎస్ఐ. గాలి తక్కువైతే టైరు వేడెక్కుతుంది, టెక్సస్ వేసవి రోడ్డు మీద ఇక పేలడమే తరువాయి. స్టెప్నీలో గాలి చూడటం అందరూ మరిచేదే. పంక్చరు ప్లగ్గుల కిట్టు మేకు దిగితే పనికొస్తుంది కానీ, ట్రెడ్ ఊడితే అదేం చేయలేదు.

ఇక అసలు తంటా జాకీ, పానాలతో. కారుతో వచ్చిన పానా ట్రెయిలర్ నట్లకి చాలావరకు పట్టదు. అరంగుళం స్టడ్లున్న ట్రెయిలర్లకి సాధారణంగా 13/16 అంగుళాల సాకెట్ కావాలి. లోతు సాకెట్ ఒకటి, దాన్ని తిప్పడానికి రెండడుగుల బ్రేకర్ బార్ (పొడవాటి పిడి) ఒకటి కొనండి. కారు జాకీదీ అదే కథ: గాలి పోయాక ఇరుసు కిందికి దిగుతుంది కాబట్టి కిందికి దూరదు, దూరినా గాలి నిండిన స్టెప్నీ పట్టేంత ఎత్తు లేపదు. పొట్టి రెండు టన్నుల బాటిల్ జాకీ, దాని కింద వేయడానికి అడుగు పొడవున్న మందపాటి చెక్క, చక్రాలకి అడ్డం పెట్టే రెండు దిమ్మలు ఉండాలి. ట్రెయిలర్ని కారు నుంచి విప్పకూడదు. నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే సగం తిరుగు వదులు చేసి, తర్వాత లేపండి. లీఫ్ స్ప్రింగులైతే (ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు) జాకీ స్ప్రింగు కింద ఇరుసుకి, టార్షన్ ఇరుసైతే (బయట స్ప్రింగులు లేనిది) దాని పక్కన ఫ్రేముకి పెట్టాలి. బిగింపు నక్షత్రం వరసలో (పక్కపక్కవి కాకుండా ఎదురెదురుగా), 90 నుంచి 120 ఫుట్ పౌండ్లు. చక్రం విప్పి వేశాక పది, పాతిక, యాభై మైళ్ళ దగ్గర మళ్ళీ బిగింపు చూడాలి. బయల్దేరే ముందు వారం, సరిగ్గా మీరు సర్దుకున్న ఈ సామాన్లతోనే డ్రైవ్‌వేలో ఒక చక్రం విప్పి పెట్టండి. ఏది సరిపోదో అక్కడే తేలిపోతుంది. స్టెప్నీకి తాళం ఉంటే దాని చెవి ఎక్కడుందో కూడా.

బేరింగు పోతే టైరు పోయినంత తేలిక కాదు. హైవే మీద వేడెక్కిన హబ్బుని (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) తిన్నగా నీళ్ళలోకి దించితే లోపలి గాలి ఒక్కసారి సంకోచించి సీలు పక్కనుంచి నీటిని పీల్చుకుంటుంది. గ్రీజు పాలలా తెల్లబడి జిగురు పోతుంది, తుప్పు మొదలవుతుంది. అందుకే రేవు దగ్గరికి చేరాక సామాన్లు ఎక్కించే పనులేవో చేసుకుని, హబ్బులు చల్లారాకే వెనక్కి దించండి.

స్పేరుగా విడి బేరింగులు కాకుండా, రేసులు (బేరింగు తిరిగే ఉక్కు వలయాలు), సీలు, గ్రీజుతో సహా సిద్ధంగా దొరికే పూర్తి హబ్బు తీసుకెళ్ళమంటాను. రోడ్డు పక్కన రేసు కొట్టి ఎక్కించడం అయ్యే పని కాదు. అయితే ఇరుసులన్నీ ఒకటి కావు. 3,500 పౌండ్ల ఇరుసులకి సాధారణంగా లోపలి బేరింగు ఎల్68149, బయటిది ఎల్44649. కొన్ని చిన్న ఇరుసులకి రెండూ ఎల్44649. మీ దాంట్లో ఉన్న బేరింగు మీద నంబరు చదివాకే కొనండి. డిస్కు బ్రేకులుంటే హబ్బుతో కలిసిన డిస్కే కొనాలి, కాలిపర్ (డిస్కుని పట్టే బ్రేకు భాగం) విప్పే సాకెట్ కూడా పెట్టుకోవాలి.

మార్చే పద్ధతి: మూత ఊడబెరికి, నట్టు కదలకుండా ఆపే కాటర్ పిన్ను తీసి, పెద్ద నట్టు, వాషర్ విప్పి హబ్బు లాగండి. ఇరుసు మొనని గుడ్డతో తుడిచి గోరుతో రాసి చూడండి. గోరు తట్టుకునేంత గాడి లేకపోతే కొత్తది ఎక్కించొచ్చు. హబ్బు తిప్పుతూనే నట్టు గట్టిగా బిగించి, పూర్తిగా వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో ఆగేదాకా మాత్రమే బిగించండి. కొత్త కాటర్ పిన్ను వేయండి. బిగింపు ఎక్కువైతే కొత్త బేరింగు కూడా మాడిపోతుంది. దీనికి కావలసినవి: పెద్ద ఛానల్‌లాక్ ప్లయర్, సన్న ముక్కు ప్లయర్, సుత్తి, చదును స్క్రూడ్రైవర్, నాలుగైదు కాటర్ పిన్నులు, అదనంగా ఒక మూత, గ్లవ్స్, చిన్న గ్రీజు గన్. గన్‌తో తొందరపడి గ్రీజు దట్టించకండి. వెనక సీలు పగిలి గ్రీజంతా బ్రేకుల మీద పడుతుంది. లోపలి రేసు ఇరుసుకే అతుక్కుపోయి ఉంటే మాత్రం కుస్తీ పట్టకుండా ఫ్లాట్‌బెడ్‌కి (బండిని ఎక్కించుకెళ్ళే ట్రక్కు) ఫోన్ చేయండి.

ఆగిన ప్రతిచోటా రెండు హబ్బుల దగ్గరా చేతి వెనకభాగం పెట్టి చూడండి, ముట్టుకోకుండా. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మేలు. అంకె ఎంతన్నది కాదు, ఎడమకీ కుడికీ తేడా ఎంతన్నదే సంగతి.

లైట్లు సతాయిస్తే ముందు ఎర్త్ చూడండి. ఒక పక్క ఇండికేటర్ వేస్తే రెండు పక్కలా మసకగా మిణుకుతోందంటే తప్పు ఎర్త్ అయిన తెల్ల వైరుది. ఫ్రేముకి బిగించిన చోట తుప్పు గీకి మళ్ళీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. గోధుమరంగు టెయిల్ లైట్లకి, పసుపు ఎడమకి, ఆకుపచ్చ కుడికి. ఐదోదిగా నీలం వైరుంటే రివర్స్‌లో సర్జ్ బ్రేకులు (ట్రెయిలరు కారుని నెట్టే ఒత్తిడితో పట్టేవి) పట్టకుండా ఆపేది అదే. అది తెగితే రేవు దగ్గర వెనక్కి వెళ్ళలేరు. టెస్ట్ లైటు, వైరు ముక్కలు, కనెక్టర్లు, టేపు, గరుకు కాగితం, కారులోని టోయింగ్ ఫ్యూజులు రెండు పెట్టుకోండి. లైట్లలో బల్బులే ఉంటే రెండు 1157 బల్బులు.

మిగతావి చిన్నవే: ట్రెయిలర్ని కారుకి తగిలించే చోట వాడే హిచ్ పిన్ను, క్లిప్పు, కప్లర్ పిన్ను ఒక్కోటి అదనంగా, బోటుని ట్రెయిలరు మీదికి లాగే రెండంగుళాల విన్చ్ పట్టీ, వెనక కట్టే రాచెట్ పట్టీ ఒకటి. బోటు తరఫున రెండు డ్రెయిన్ ప్లగ్గులు (బోటులో నీళ్ళు వదిలే రంధ్రం మూతలు), కిల్ స్విచ్ తాడు (నడిపేవారు పడిపోతే ఇంజను ఆపేది), స్పేర్ ప్రొపెల్లరు, దాని నట్టు, వాషర్లు, వాటికి సరిపడే సాకెట్. టెక్సస్‌లో ప్రభుత్వ జలాశయాల నుంచి బోటు బయటికి తెచ్చేటప్పుడు నీళ్ళన్నీ వదిలేయాలని చట్టం, ఆ విప్పిన ప్లగ్గే తర్వాత కనిపించకుండా పోతుంది. పోర్ట్ అరాన్సస్‌లో ఉప్పునీరు కాబట్టి, తిరుగు ప్రయాణానికి ముందు మంచినీళ్ళతో ట్రెయిలర్ కడగడానికి ఒక పైపు.

ఇవన్నీ బోటు అరల్లో కాకుండా కారులోనే పెట్టండి. మీ రోడ్‌సైడ్ పాలసీ ట్రెయిలరుకీ వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి, కారుని మాత్రమే లాక్కెళ్ళి బోటుని రోడ్డు పక్కన వదిలేసే పాలసీలు ఉన్నాయి.