పిల్లలకు ప్రయోగాలు చేయించడం ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి బీఎస్సీ ఫైనలియర్. ఎమ్మెస్సీ వద్దు, ఎలిమెంటరీ బడుల్లో సైన్స్ ప్రయోగాలు చేయించే పనిలో చేరతానంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించెయ్యమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఉద్యోగమేనమ్మా. కాకపోతే నోటిఫికేషన్ పడితే దరఖాస్తు పెట్టే రకం కాదు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్‌కి కుప్పం దగ్గర పెద్ద సైన్స్ క్యాంపస్ ఉంది, ల్యాబ్ సామాను వేసుకుని పల్లె బడులకు వెళ్లే వ్యాన్లున్నాయి. ఇలాంటి సంస్థల్లో సైన్స్ డిగ్రీ చదివినవాళ్లకు చోటుంటుంది. జీతం మొదట్లో అంతంతమాత్రం. చాలావాటికి ప్రాజెక్టు నిధులు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. పైగా కుప్పమంటే మీకు రాష్ట్రానికి ఆ చివర. జనవిజ్ఞాన వేదికలో అయితే పని నేర్చుకోవచ్చు కానీ అది స్వచ్ఛంద సంస్థ, జీతం మాట ఉండదు.

బీఈడీకి ఫీజు కట్టేముందు ఆగండి. ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరు పోస్టులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చుట్టాలకు ఈ సంగతి తెలిసి ఉండదు. చిన్నపిల్లలతోనే ఉండాలనుకుంటే డీసెట్ రాసి రెండేళ్ల డీఈఎల్‌ఈడీ చెయ్యాలి, అదే మనం డీఎడ్ అనేది. ఆ తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, డీఎస్సీ అనే నియామక పరీక్ష. ఎస్జీటీ, అంటే ఒకటి నుంచి ఐదు తరగతుల సర్కారు టీచరు అయితే తన క్లాసులో తనకు నచ్చిన ప్రయోగం తనే చేయించుకోవచ్చు, ఏ ప్రాజెక్టు గడువూ అడ్డురాదు. నన్నడిగితే ఇదే గట్టి దారి.

ఈలోగా హెడ్మాస్టరుగారిని అడిగి, మీ ఊరి ఎలిమెంటరీ బడిలో కొన్ని శనివారాలు చేయించి చూడమనండి. గాజుగ్లాసు అడుగున కాగితం ఉండ కుక్కి, బోర్లించి, నిటారుగా బకెట్ నీళ్లలో ముంచితే కాగితం తడవదు. ముంచేముందు ఏమవుతుందని అడిగితే క్లాసంతా "తడిసిపోద్ది టీచర్" అంటుంది. పొడి కాగితం బయటికి తీశాక వెంటనే "లోపల గాలి ఉంది కాబట్టి" అని చెప్పేస్తే పాఠం అక్కడితో సరి. గ్లాసు వాళ్ల చేతికే ఇవ్వాలి. ఎవడో ఒకడు వంచుతాడు, బుడబుడమని బుడగలొస్తాయి, ఈసారి కాగితం తడుస్తుంది. "గాలి బయటికి పోయింది టీచర్!" అని వాళ్ల నోటే వచ్చేదాకా మీ అమ్మాయి నోరు కట్టేసుకోగలగాలి. ఈ పనిలో సగం కష్టం అదే. బట్టలు తడుస్తాయి, అల్లరవుతుంది, పక్క క్లాసు టీచరు విసుక్కుంటారు. అవన్నీ అయ్యాక కూడా వచ్చే శనివారానికి సామాను సర్దుకుంటుంటే డీసెట్ దరఖాస్తు పెట్టించండి.

ఎమ్మెస్సీ గురించి మాత్రం బెంగ పెట్టుకోకండి, ఎస్జీటీకి అది అక్కర్లేదు.