చెరువు కోసం సంఘం పెడుతున్న బిడ్డకు

హైదరాబాద్

బిడ్డా,

శంకర్‌పల్లి దగ్గర మీ ఊరి చెరువు కోసం మీరంతా కలిసి సంఘం పెడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. సిటీ చుట్టూ చెరువుల పని చాలా ఏళ్లు చేశాను కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నా. అవసరమైంది తీసుకో.

రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ పడకు. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ ఏడుగురు ఎవరన్నదే అసలు సంగతి. అందరూ సిటీలో ఉద్యోగాలు చేసేవాళ్లే అయితే అది ఆదివారం వచ్చి ఫొటోలు దిగిపోయే సంఘమవుతుంది. ఆయకట్టు రైతు, చేపలు పట్టే ఇంటి మనిషి, గొర్లు కాసే మనిషి ఉండాలి. ఆడవాళ్లు పేరుకు కాకుండా పదవుల్లో ఉండాలి. పూర్వం తూము తీసి నీళ్లు పంచిన నీరటి కుటుంబం ఊళ్లో ఇంకా ఉంటే, అందరికంటే ముందు వాళ్ల దగ్గరికి వెళ్లు. వాగు ఎటునుంచి దిగేదో, నీళ్లు ఏ గట్టు దాకా వచ్చేవో వాళ్లకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు.

మొదట్లోనే ధర్నాలు, ర్యాలీలు పెట్టుకోకండి. ముందు చెరువు హద్దును కాగితం మీద పట్టుకోండి. ఊరి నక్షా, సేత్వార్ (పాత భూసర్వే రికార్డు), 1954-55 కాస్రా పహాణీ (ఏ భూమి ఎవరి పేర, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) సర్టిఫైడ్ కాపీలు తీయించండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబు చెప్పాలి, చెప్పకపోతే పై అధికారికి అప్పీలు చేయొచ్చు. దరఖాస్తులో ‘చెరువు వివరాలు ఇవ్వండి’ అని రాస్తే చేతికేమీ రాదు. సర్వే నంబరు వేసి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) మ్యాప్, ఆ హద్దును ప్రకటించే ప్రాథమిక నోటిఫికేషన్, తుది నోటిఫికేషన్ కాపీలు విడివిడిగా అడగండి. చాలా చెరువులు ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయాయి. మీదీ అలాగే ఉంటే, తుది నోటిఫికేషన్ వేయించడమే సంఘం మొదటి పని. చెరువు 10 హెక్టార్లు దాటితే ఎఫ్‌టీఎల్ గీత నుంచి ఇంకో 30 మీటర్లు బఫర్ (కట్టడాలు రాకూడని జాగా) కూడా వస్తుంది.

ఆ ఎఫ్‌టీఎల్ గీత మత్తడి (నిండిన చెరువు నీళ్లు బయటికి పొర్లే అలుగు) ఎత్తును బట్టి ఉంటుంది. నీళ్లు మత్తడి మీంచి పొర్లే ముందు చెరువు ఎంతమేర నిండుతుందో అదే హద్దు. ఈ సంగతి కబ్జాదారులకు బాగా తెలుసు. అందుకే వాళ్లు రాగానే మట్టి పోయరు. మత్తడిని కొంత కొట్టేస్తారు, లేదా తూము మూయకుండా వదిలేస్తారు. రెండు మూడు వానాకాలాలు చెరువు నిండకపోతే, ఇక్కడ నీళ్లెప్పుడున్నాయని అడగడం సులువవుతుంది. కాబట్టి ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి మత్తడిని టేపుతో కొలిచి, ఒకే చోట నిలబడి ఫొటో తీసి, తేదీతో రిజిస్టర్‌లో రాయండి. చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువనూ అలాగే చూసుకోండి, అది పూడితే చెరువు లేనట్టే. మనవి గొలుసుకట్టు చెరువులు. పై ఊరి మత్తడి నీళ్లే మీకొస్తాయి, మీవి కింది ఊరికి పోతాయి. ఆ రెండు ఊళ్ల నుంచీ మీ సంఘంలో మనుషులుండాలి.

ఇంకొకటి, చాలా సంఘాలు ఇక్కడే చీలిపోతాయి. శిఖంలో (చెరువు నిండితే మునిగే భూమిలో) పట్టా ఉన్న రైతును కబ్జాదారు అనకండి. నీళ్లు తగ్గాక ఆ భూమిలో పంట వేసుకోవడం పాతకాలం నుంచీ ఉన్నదే. అక్కడ మట్టి నింపడం, ఇల్లు కట్టడం మాత్రం కుదరదు. ఈ తేడా అతనికి వాళ్లింటికే వెళ్లి మెల్లగా చెప్పండి. ప్లాట్లు చేసేవాడు ముందు కలిసేది అతన్నే. అతను మీవైపు ఉంటే సగం పని అయినట్టే.

మీ ప్రాంతానికి ఒక పెద్ద రక్షణ ఉండేది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడడానికి 1996లో జీవో 111 వచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదన్నారు. అది సుప్రీంకోర్టులోనూ నిలిచింది. అయినా 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. దాని కోసం ఏళ్లపాటు తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను, ఇప్పటికీ నా కడుపు రగులుతుంది. అందుకే చెబుతున్నా, ఒక్క జీవో ఉంది కదా అని కూర్చోకండి. చెరువుకు తుది నోటిఫికేషన్, గ్రామసభ తీర్మానం, మీ రిజిస్టరు అన్నీ ఉండాలి.

కోర్టుకు వెళ్లాల్సి వస్తే గడువు మరిచిపోకండి. హరిత ట్రిబ్యునల్‌లో పర్యావరణ వివాదం వేయడానికి, సమస్య మొదలైన రోజు నుంచి ఆరు నెలలే సమయం. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు. మొదటి టిప్పర్ మట్టి పడిన తేదీ మీ దగ్గర లేకపోతే ఆ గడువు ఎప్పుడు దాటిందో కూడా తెలియదు. మనకు బెంచి చెన్నైలో ఉంది.

నీళ్లు రంగు మారినా, చేపలు తేలినా మీరు సీసాలో పట్టుకున్న నీళ్లు మీకు తెలుసుకోవడానికే పనికొస్తాయి. కేసులో నిలబడాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారి వచ్చి, పద్ధతి ప్రకారం సీలు వేసిన నమూనా కావాలి. అందుకే వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు ఊళ్ల కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అక్కడ వైద్యం చేస్తూనే డాక్టర్ కిషన్‌రావు గారు ఆ పోరాటంలో నిలబడ్డారు. ఇలాంటి పనికి ఎంత ఓపిక కావాలో ఆ ఊళ్లను చూస్తే అర్థమవుతుంది.

రాత్రిపూట ట్యాంకర్లు, టిప్పర్లు వస్తే ఒంటరిగా ఎవరూ ఎదురు వెళ్లొద్దు. దూరం నుంచి నంబరు, టైము రాసుకుని పోలీసులకు ఫోన్ చేయండి. ఏ వెంచర్ వాళ్ల దగ్గరా చందా తీసుకోవద్దు, వినాయకచవితికి ఇచ్చినా సరే. జమాఖర్చులు నెలనెలా పంచాయతీ గోడకు అంటించండి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే సభలో చెరువు సర్వే కోరుతూ తీర్మానం పెట్టించి, మినిట్స్ పుస్తకంలో రాసేదాకా అక్కడే ఉండండి. సంతకాలతో కాపీ తీసుకుని కలెక్టరేట్‌లో ఇవ్వండి. నక్షా చేతికి రాగానే నాకొక కాపీ పంపు. నా దగ్గర పాత టోపోషీటు (వాగులు, చెరువులు, ఎత్తుపల్లాలు చూపే సర్వే మ్యాపు) ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెద్దమ్మ