ట్రంకు పెట్టె దింపే ముందు

చిరంజీవి తమ్ముడికి, ఒక తల్లి బిడ్డలం కాకపోయినా నువ్వు అన్నయ్యా అని పిలిచే నేను ఆశీర్వదించి రాసేది.

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిన సంగతి విన్నప్పటి నుంచి నిద్ర పట్టలేదు, అంత సంతోషంగా ఉంది. మన ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు పాత స్టోర్ రూమ్ ఖాళీ చేయించి మ్యూజియం పెడుతున్నారు, నీ జెర్సీలు, బూట్లు, మెడల్స్ అన్నీ దానికి ఇచ్చేద్దామని నీకు అనిపించింది. తప్పకుండా ఇవ్వు. కానీ "ఆదివారం ఆటో మాట్లాడి ట్రంకు పెట్టె దింపేసి వస్తాను" అన్నావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు. కాస్త ఆగు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట నేనూ ఒక క్లబ్బుకి నా జెర్సీ ఒకటి, టీమ్ ఫోటో ఒకటి ఇచ్చాను. శాలువా కప్పారు, టీ ఇచ్చారు. కాగితం అడగడానికి మొహమాటపడ్డాను. నాలుగేళ్ళ తర్వాత చూద్దామని వెళితే, ఆఫీసుకి రంగులు వేసినప్పుడు ఎవరో సర్దారు, ఎక్కడ పెట్టారో తెలియదన్నారు. ఎవరూ ఎత్తుకుపోలేదు తమ్ముడూ. ఆ బట్ట ఏమిటో చెప్పేవాడు ఆ రోజు ఆ గదిలో లేడు. రంగులవాడికి అది పాత బనీను, చేతులు తుడుచుకుని ఉంటాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అందుకని మొదటి పని, ప్రతి వస్తువుకీ దాని పుట్టుపూర్వోత్తరాలు రాయి. 200 పేజీల నోటు పుస్తకం ఒకటి కొను. జెర్సీకి 1, 2, 3 అని నంబర్లు వేసుకో. ఏ మ్యాచ్, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరి మీద, నువ్వు ఎక్కడ ఆడావు, స్కోరెంత, అన్నీ రాయి. గుర్తులేనివి గుర్తులేదని రాయి, ఊహించి రాయకు. జెర్సీకి పిన్నులు గుచ్చకు, స్టిక్కర్లు అంటించకు. చిన్న నూలు గుడ్డ ముక్క మీద నంబరు వేసి, కాలర్ లోపల రెండు వదులు కుట్లు వేయించు. మరదలు చిటికెలో వేసేస్తుంది.

ఫోటోల వెనక బాల్ పెన్నుతో రాయకు. ఆ గీత ముందువైపు బొమ్మ మీద కనబడుతుంది, సిరా కూడా పాకుతుంది. మెత్తటి పెన్సిల్‌తో, అంచున, ఒత్తకుండా రాయి. పోర్టు స్టేడియంలో తీసిన గ్రూప్ ఫోటో ఉందే, దానికి వరసలవారీగా ఎడమ నుంచి కుడికి పేర్లు రాయాలి. నువ్వు నిలబడ్డ వెనక వరసలో ఎడమ నుంచి రెండోవాడు మోకాలికి జేబురుమాలు కట్టుకుని ఉంటాడు, గుర్తుందా? వాడి పేరు నీకు తెలియదన్నావు. మనం ఇప్పుడు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ని ఓడించి, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచింది. మన గ్రౌండ్‌లో పొద్దున్నే పరిగెత్తే పిల్లల్ని నేనే అడిగాను, ఒక్కడికీ తెలియదు. వాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి చూపించడానికి మన దగ్గర ఏం పెట్టుకున్నాం?

ఇక బట్టల సంగతి. ఇది విశాఖపట్నం, సముద్రం పక్కన ఊరు. గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. జెర్సీలను ప్లాస్టిక్ కవర్లలో బిగించావంటే లోపలి చెమ్మ బయటికి పోదు, బూజు పడుతుంది. కవర్లన్నీ తీసి పారెయ్యి. గంజి పెట్టని, బాగా ఉతికి ఆరిన పాత తెల్ల పంచె ముక్కల్లో చుట్టు. మడత పెడితే ఆ మడత దగ్గరే బట్ట చిరుగుతుంది, నంబరు పెంకులు పెంకులుగా లేచిపోతుంది. గుండ్రంగా చుట్టాలి, మధ్యలో కూడా గుడ్డ పెట్టాలి. కలరా ఉండలు బట్టకి తగలనివ్వకు. ఆ వానాకాలం ఫైనల్‌లో వేసుకున్న పచ్చ జెర్సీ భుజం మీద ఎర్రమట్టి మరక ఉంది కదా, దాన్ని ఉతికించకు. ఆ మరక ఆ మ్యాచ్‌ది. ఎండలో ఆరవేసి రంగు పోగొట్టకు.

బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఉంచావు, అవి తీసెయ్యి. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, తోలుని తింటుంది. బదులుగా నూలు గుడ్డ ఉండ చేసి పెట్టు, ఆకారం నిలబడుతుంది. పాలిష్ వెయ్యకు.

మెడల్స్ దగ్గర మాత్రం నా మాట గట్టిగా విను. చింతపండు పెట్టి తోమకు. ఇత్తడి చెంబులా తళతళలాడుతుంది గానీ అక్షరాలు అరిగిపోతాయి, పూత పోతుంది. మా అమ్మ దీపావళి ముందు దేవుడి సామాన్లతో పాటు నా మెడల్ కూడా ప్రేమగా తోమేది. ఇప్పుడు దాని మీద సంవత్సరం చదవడం కష్టం. నల్లబడితే నల్లబడనీ, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి వదిలెయ్యి.

నా పెట్టె ఏమైందో నీకు తెలుసు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను రోజు మా మేడ మీద రేకులు లేచిపోయాయి, ట్రంకులోకి నీళ్ళు దిగాయి. కరెంటు లేదు, ఇల్లు చక్కబెట్టుకునే హడావిడిలో పెట్టె సంగతి పట్టించుకోలేదు. తెరిచేసరికి ఫోటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా అయ్యాయి. విడదీద్దామని లాగితే మొహాలు లేచి వచ్చాయి. నువ్వు క్లబ్బుకి ఏమిచ్చినా సరే, ముందు ప్రతి ఫోటో, ప్రతి కటింగు, ప్రతి సర్టిఫికెట్టు స్కాన్ చేయించు. కాపీలు రెండు చోట్ల పెట్టు, ఒకటి నీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్ళో ఉన్న మీ అమ్మాయి దగ్గర. లామినేషన్ వద్దు. సెల్లోటేప్ అసలే వద్దు, జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగిపోతుంది. ఆ వీడియో క్యాసెట్లకి బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించు.

తర్వాత ఒక పూట క్లబ్బుకి వెళ్ళి ఆ గది చూడు. గోడ మీద అరచెయ్యి ఆనించి చూడు, చల్లగా చెమ్మగా తగిలితే సున్నం వేసినంత మాత్రాన సరిపోదు. కిటికీ ఎండ ఏ గోడ మీద పడుతుంది? బీరువాకి చెదలుందా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? అడగడానికి సిగ్గుపడకు, బాధ్యతగా చేసేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌ని 2002లో మ్యూజియంగా పెట్టారు. అంత ఉక్కు ఓడని కూడా ఉప్పుగాలికి వదిలేస్తే కుదరదు, రంగులూ మరమ్మతులూ చూసుకుంటూనే ఉండాలి. మన గుడ్డపేలికలు ఎంత?

ఇచ్చేటప్పుడు కాగితం రాసుకో. చట్టప్రకారం చరాస్తిని దానంగా చేతికి అప్పగిస్తే చాలు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయినా నీ నోటు పుస్తకంలో జాబితాని రెండు కాపీలు తీసి, ఇద్దరూ సంతకాలు చేసి, క్లబ్బు ముద్ర వేయించి ఒకటి దగ్గర పెట్టుకో. ఏది దానం, ఏది చూపడానికి మాత్రమే ఇస్తున్నావో విడివిడిగా రాయి. 1986 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లండ్ మీద వేసుకున్న జెర్సీని, ఆ మ్యాచ్ అయ్యాక ఇంగ్లండ్ ఆటగాడు స్టీవ్ హాడ్జ్ తన జెర్సీ ఇచ్చి తీసుకున్నాడు. ఆయన దాన్ని మాంచెస్టర్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి చూపడానికి ఉంచాడు, హక్కు వదులుకోలేదు. 2022లో వేలంలో అది దాదాపు 71 లక్షల పౌండ్లు పలికింది. అది గోల్స్ కొట్టినప్పటి జెర్సీ కాదు, మొదటి సగంలోదని మారడోనా కుటుంబం అభ్యంతరం చెప్పింది. వేలంవాళ్ళు మ్యాచ్ ఫోటోలతో పోల్చి చూసి అదేనని చెప్పారు. మనది ఎవరూ లక్షలు పెట్టి కొనరు, అయినా నువ్వా జెర్సీ వేసుకున్న ఫోటో ఒకటి జెర్సీతో పాటే వెళ్ళాలని అందుకే అంటున్నాను. రేపు క్లబ్బు మూతపడినా, గది వేరే పనికి వాడుకున్నా వస్తువులు నీకో పిల్లలకో తిరిగి రావాలని, అమ్మకూడదని రెండు వాక్యాలు చేర్చు.

అన్నీ ఇచ్చెయ్యకు కూడా. మరదల్ని, పిల్లల్ని కూర్చోబెట్టి పెట్టె తెరువు. అబ్బాయి ఏదైనా చేతిలోకి తీసుకుని వదలకపోతే అది వాడిది. నీ మొదటి జత బూట్లు, మీ నాన్నగారు రెండు నెలలు ఓవర్‌టైమ్ చేసి కొన్నవి, నేనైతే ఇంట్లోనే ఉంచుతాను. అలాగని కప్పులూ మెడల్సే ఇవ్వకు. ఓడిన మ్యాచ్ ఫోటో, ఎంపిక కాలేదని వచ్చిన ఉత్తరం, చిరిగిన షిన్ గార్డు కూడా ఇవ్వు. ఆడుతున్న పిల్లవాడికి అవే దగ్గరగా అనిపిస్తాయి.

ఇంకొకటి. కురుసురలో చూపించేవాళ్ళు రిటైరైన నేవీ వాళ్ళు. ఆ మీటల దగ్గర నిలబడి వాళ్ళు చెబుతుంటే మా మనవడు నోరు తెరుచుకుని విన్నాడు. మన గదిలోనూ నెలకో ఆదివారం ఒక పాత ఆటగాడు కూర్చోవాలని క్లబ్బు వాళ్ళకి చెప్పు. మొదటి ఆదివారం నేను వస్తాను. ఈలోపు నీ సెల్‌ఫోన్‌లో ఒక్కో వస్తువు చేత్తో పట్టుకుని దాని కథ నీ గొంతుతో రికార్డు చెయ్యి.

శనివారం సాయంత్రం పెట్టె తెరిచి ఉంచు, పెన్సిలూ భూతద్దమూ నేను తెస్తాను. ఆ జేబురుమాలు కట్టుకున్నవాడి పేరు నాకు తెలుసు. వాడు పోయి చాలా ఏళ్ళయింది, చెల్లెలు మాత్రం ఇప్పటికీ కోటవీధిలోనే ఉంది. వాడి ఫోటో ఆమె దగ్గర ఒక్కటీ లేదట. క్లబ్బుకి ఇచ్చేముందు ఒక కాపీ తీయించి, ఇద్దరం వెళ్ళి ఆమె చేతిలో పెట్టి వద్దాం.

మీ అన్నయ్య